వలలో పడి కదలకుండా ఉన్న తాబేలు బతికే ఉంటుందా?

గంజాం అమ్మాయి:

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గంజాం జిల్లా, రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగకు దగ్గర్లో ఉన్న జాలర్ల ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. నేను బరంపురంలో డిగ్రీ రెండో సంవత్సరం. మీరు చెప్పింది మా నాన్నకు చదివి వినిపించాలి, కాబట్టి ఎంత వివరంగా రాస్తే అంత మంచిది.

పోయిన ఆదివారం తెల్లవారుజామున మూడు గంటలకు నాన్న, చిన్నాన్న, మా తమ్ముడు ఫైబర్ బోటులో వేటకు వెళ్లారు. తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకూ మొగ దగ్గర, తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు మోటారు బోటుతో వేట కూడదు కదా, అందుకని ఈ ఏడు నెలలూ హద్దు దాటి దక్షిణానికి పోతారు. డీజిలుకే సగం డబ్బులు పోతాయి. ఆ రోజు వల లాగుతుంటే చాలా బరువుగా వచ్చిందట. చూస్తే రెండు సముద్రపు తాబేళ్లు. ఒకదానికి ముందు రెక్క చుట్టూ దారం బిగుసుకుపోయి కొట్టుకుంటోంది. నిదానంగా విప్పుదాం అన్నాడు చిన్నాన్న. నాన్న ఆగలేదు, కత్తి తీసి వల కోసేశారు. అది ఈదుకుంటూ పోయింది.

రెండోది కదల్లేదు. మెడ వాలిపోయి ఉంది. చచ్చిపోయిందనుకుని, గంగమ్మకు దండం పెట్టి, నాన్నే చేతులతో నీళ్లలోకి దించారు. నేరుగా మునిగిపోయిందట.

తమ్ముడు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. రాత్రి పడుకునేటప్పుడు నాతో ఒక్కదానితోనే అన్నాడు, "అక్కా, వదిలే ముందు కంటి పక్కన వేలు పెట్టాను, రెప్ప కొంచెం కదిలినట్టనిపించింది" అని. వాడికి పద్నాలుగేళ్లు. నాన్నకు చెప్పలేక నాకు చెప్పాడు. అప్పటి నుంచి నాకూ నిద్ర లేదు. అది బతికే ఉందా? బతికి ఉంటే మా వాళ్లు ఏం చేసి ఉండాల్సింది?

ఇంకో రెండు విషయాలు. కోసిన వల మూడు బారల మేర పోయింది, బాగుచేయించడానికి ఆరు వేలు అయింది. ఒక ఆఫీసులో అడిగితే దానికి కాగితమే లేదన్నారు. రెండోది, అలాంటి తాబేలును బోటులో ఉంచుకుని ఒడ్డుకు తెస్తే కేసు పెడతారని ఊళ్లో అందరికీ టెన్షన్. అందుకే ఎవరూ బోటులో ఉంచరు, వెంటనే తోసేస్తారు. ఇది నిజమేనా?

పాత సరంగు:

అమ్మాయ్, నేను పన్నెండేళ్లు ట్రాలర్ మీద పనిచేశాను. మానేసి చాలా కాలమైంది, ఇప్పుడు గోపాల్‌పూర్‌లో వలలు అల్లుతున్నాను. మీ నాన్న వల కోశారని చదివి మనసు ఒకలా అయిపోయింది. మేం ఎప్పుడూ కోయలేదు. ట్రాలు వల రెండు మూడు గంటలు ఈడుస్తాం. తాబేలు చేప కాదు, ఊపిరికి పైకి రావాలి. అంతసేపు లోపల ఉంటే ఏం మిగులుతుంది? సంచీ విప్పితే చేపలతోపాటు పడేవి. పారలతో తోసేసేవాళ్లం. ఎన్ని అని అడగొద్దు.

వలలో బిగించడానికి ఇనప జల్లెడ లాంటిది ఒకటి ఇచ్చారు, టెడ్ అంటారు. వల గొంతులో ఏటవాలుగా ఉంటుంది. రొయ్య, చేప ఆ కమ్మీల సందుల్లోంచి వెనక సంచీలోకి పోతాయి. తాబేలు పెద్దది కాబట్టి కమ్మీలకు తగిలి, పక్కనున్న తలుపు లాంటి కంతలోంచి బయటికి పోతుంది. చాలా మంచి పనిముట్టు. కానీ పెద్ద చేపలు కూడా ఆ కంతలోంచే పోతాయని మా ఓనరు దాన్ని తాడుతో కుట్టించేశాడు. చెకింగుకి వస్తున్నారని తెలిస్తే విప్పేవాళ్లం, వాళ్లు పోగానే మళ్లీ కుట్టేవాళ్లం. ఆ కుట్లు వేసింది నేనే.

ఇప్పుడు చెబుతున్నాను, చిన్న బోట్ల వాళ్ల మీద కేసులు పెట్టడం కాదు, ఆ కంతలు కుట్టే వాళ్లను పట్టుకోవాలి. తీరానికి కొట్టుకొచ్చే తాబేళ్లను చూసి జనం మీ ఊరి వైపు వేలు చూపిస్తారు. అది అన్యాయం.

తాబేలు బతికుందో లేదో నాకు తెలియదమ్మా. మేం ఎప్పుడూ చూడలేదు, తోసేయడమే.

ఇసుక కాపలా:

నేను పద్దెనిమిదేళ్లుగా రుషికుల్య ఇసుకలో రాత్రి కాపలా ఉంటున్నాను. సీజన్లో అటవీశాఖ కూలి ఇస్తుంది, లేని రోజుల్లో ఊరికే పోతాను. మాదీ వేటకెళ్లే ఇల్లే.

చెల్లీ, ముందు నీ మొదటి ప్రశ్నకు జవాబు చెబుతాను, దాచను. బతికే ఉండొచ్చు. నీళ్లలో ఊపిరి ఆడక తాబేలు స్పృహ తప్పుతుంది. మెడ వాలుతుంది, రెక్కలు జారిపోతాయి, గంటల తరబడి ఊపిరి తీసినట్టే కనబడదు. చూసినవాడెవడైనా చచ్చిపోయిందనే అనుకుంటాడు. కంటి దగ్గర గానీ తోక దగ్గర గానీ మెల్లగా వేలు పెడితే ఒక్కోసారి కొంచెం కదులుతుంది. నీ తమ్ముడు చేసిన పని సరిగ్గా అదే, ఎవరూ నేర్పకుండానే చేశాడు. వాడికి ఆ మాట చెప్పు. ఆ స్థితిలో నీళ్లలోకి వదిలితే అది తల పైకెత్తలేదు, మునిగిపోతుంది. నేనూ కాపలాకి రాకముందు అలా రెండింటిని వదిలాను. ఎవరూ చెప్పలేదు, తెలియలేదు. మీ నాన్నా అంతే. ఆయన తప్పు లేదు.

ఇకమీదట ఇలా చేయండి. బోటులో పలకల మీద పొట్ట కిందికి ఉండేలా పెట్టాలి. వెల్లకిలా పడుకోబెట్టకూడదు, పొట్ట మీద నొక్కకూడదు. వెనక భాగం కింద తాడు చుట్టో, వల బెండ్ల మూటో పెట్టి జానెడు ఎత్తు లేపాలి. అప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోయిన నీళ్లు నోటి వైపు జారతాయి. పైన తడిగుడ్డ కప్పాలి, తల మాత్రం కప్పకూడదు, ముక్కు రంధ్రాలు తెరిచి ఉండాలి. ఎండ తగలనివ్వకూడదు. నీళ్లున్న తొట్టెలో పెట్టకూడదు, అక్కడే మునిగి చస్తుంది. అప్పుడప్పుడు ఒక పక్కకు కొంచెం వంచి, మళ్లీ రెండో పక్కకు వంచాలి. నాలుగు గంటలు పట్టవచ్చు, ఒక్కోసారి ఇరవై నాలుగు గంటలు కూడా పడుతుంది. అందుకే మధ్యలో వదిలేయకూడదు. బాగా ఊపిరి తీస్తూ, రెక్కలు గట్టిగా ఆడిస్తుంటే అప్పుడు ఇంజను గేరు తీసేసి, చుట్టుపక్కల వల లేదని చూసుకుని, నీటికి దగ్గరగా వంగి, తల ముందుగా మెల్లగా దించాలి. పైనుంచి విసరకూడదు.

కేసు గురించి. మాంసానికో గుడ్లకో పట్టేవాడు వేరు, వలలో పడ్డదాన్ని బతికించేవాడు వేరు. ఈ పద్దెనిమిదేళ్లలో బతికించి వదిలినవాడి మీద కేసు పెట్టడం నేను చూడలేదు. కానీ చేతిలో తాబేలుతో రేవుకు వస్తే చూసేవాడికి తేడా తెలియదు కదా. అందుకని పలక మీద పెట్టగానే ఒక ఫొటో తీసి, అటవీశాఖ బీటు గార్డుకి ఫోన్ చేసి చెప్పండి. సిగ్నలు లేకపోతే ఒడ్డు దగ్గరికి రాగానే చేయండి.

సరంగు గారూ, మీరు నిజం ఒప్పుకున్నారు, అది పెద్ద మాట. ట్రాలర్ల సంగతి మీరు చెప్పిందే. కానీ చిన్న వలల్లో చావడం లేదనుకోవద్దు. రెక్కకు నైలాను దారం కోసుకుపోయిన గుర్తుతో ఒడ్డుకు కొట్టుకొచ్చినవి నేనే ఎన్నో పాతిపెట్టాను. అది ఎవరి వల దారమో మనకు తెలుస్తుంది. మనవాళ్లని వెనకేసుకొస్తే తాబేలు బతకదు.

ఇంత గొడవ ఎందుకని ఊళ్లో కొందరు అడుగుతారు. గుడ్లు పెట్టే రాత్రి ఒక్కసారి వచ్చి చూడమంటాను. మన దగ్గర ఇన్ని వస్తాయని 1994 దాకా బయట ప్రపంచానికి తెలియదు. ఆ ఏడు బివాష్ పాండవ్ అనే పరిశోధకుడు వచ్చి లోకానికి చెప్పాడు. మా తాతలకు మాత్రం ఎప్పుడూ తెలుసు. దక్షిణపు గాలి తిరిగాక, ఫిబ్రవరి మార్చిలో ఒక రాత్రి మొదలవుతుంది. నలభై కిలోల ఆడ తాబేలు రెండు రెక్కలతో ఈడ్చుకుంటూ వస్తుంది. వెనక కాళ్లతో కుండలాగా గుంత తవ్వుతుంది. ఒక కాలు మట్టి తీస్తుంటే రెండో కాలు అంచు పట్టుకుని ఆగుతుంది, పద్ధతిగా. నూరూ నూట ఇరవై గుడ్లు పెట్టి, పూడ్చి, పొట్టతో దబదబ కొట్టి చదును చేస్తుంది. ఆ చప్పుడు వేల తాబేళ్ల నుంచి ఒకేసారి వస్తుంది, అలల హోరులో కూడా వినబడుతుంది. 2025 ఫిబ్రవరిలో పది రోజుల్లో ఏడు లక్షలకు దగ్గరగా వచ్చాయని అటవీశాఖ లెక్క. కాలు పెట్టడానికి చోటు లేదు. కొన్నేళ్లు అసలు రావు. ఎదురుచూసి ఎదురుచూసి ఏప్రిల్ వచ్చేస్తుంది. ఆ ఏడు మా ఇంట్లో పండగ జరగనట్టే ఉంటుంది నాకు.

తరవాత నలభై అయిదు, యాభై రోజులు మా పని. కుక్కలు, నక్కలు తవ్వకుండా వల కంచె వేస్తాం. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగవి పుడతాయి. ఎండలు ఇలా మండుతుంటే మగవి ఎక్కడి నుంచి వస్తాయోనని భయం వేస్తుంది. పిల్లలు బయటికి వచ్చే రాత్రి ఇంకో కష్టం. అవి వెలుగున్న వైపు పోతాయి. సముద్రం మీద ఆకాశం వెలుగుగా ఉంటుంది, అదే వాటి దారి. కానీ ఇప్పుడు వెనక రోడ్డు లైట్లు, హోటళ్ల లైట్లు అంతకంటే వెలుగు. పిల్లలు సరుగుడు తోటల వైపు పాక్కుంటూ పోతాయి. తెల్లారితే కాకులు. మేం బకెట్లతో ఏరి నీళ్ల అంచున వదులుతాం. వెయ్యి పిల్లల్లో ఒకటి పెద్దదవుతుందంటారు. ఆ లెక్కన మీ బోటులో పడ్డ ఆ ఒక్క పెద్ద తాబేలు ఎన్ని పిల్లలను దాటుకుని వచ్చిందో ఆలోచించు. అందుకే దాని కోసం నాలుగు గంటలు ఆగమంటున్నాను.

పొదంపేట తెలుసుగా. సముద్రం ఊరినే కోసుకుపోతే జనం లోపలికి జరిగారు. మనకీ ఇల్లు ఇసుక మీదే, తాబేలుకీ ఇసుక మీదే.

అస్కా రైతు:

మాకు సముద్రం లేదు. మాది అస్కా వైపు, పొలాలు. తాబేళ్ల గురించి నేనేం చెప్పగలను, కానీ నష్టం ఎవరు మోయాలి అన్న మాట దగ్గర ఆగాను.

భేట్నోయి, బలిపదర్ వైపు కృష్ణ జింకలు పొలాల్లోనే తిరుగుతాయి. మా తాతల నాటి నుంచి వాటిని ఎవరూ కొట్టరు. ఎప్పుడో పెద్ద కరువొచ్చినప్పుడు జింకలు రాగానే వాన పడిందని చెబుతారు. జింక మేసిన చేలో పంట బాగా వస్తుందని నమ్ముతారు. మా నాన్న పెసర చేలో పొద్దున్నే ముప్పై జింకలు మేస్తుంటే గట్టు మీద కూర్చుని చూసేవాడు. అమ్మ తిట్టేది. 2011 లెక్కలో జిల్లాలో రెండు వేల పైచిలుకు ఉండేవి, 2021లో ఏడు వేలు దాటాయి. ఇది జనం కాపాడిందే.

కానీ ఒకటి. చేలో నాలుగో వంతు పోతే మేం మిగతాది తిని బతుకుతాం. వల కోస్తే మర్నాడు వేట ఉండదు. రెండూ ఒకటి కాదు. మా దగ్గర నమ్మకం సరిపోయింది, మీకు నమ్మకం ఒక్కటే సరిపోదని నాకనిపిస్తుంది. వల డబ్బు అడగండి. సిగ్గుపడాల్సిన పని లేదు.

బరంపురం మాస్టారు:

అమ్మా, అస్కా ఆయన చెప్పింది సరైన మాట. నేను హైస్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యాను, ఊళ్లవాళ్లకు అర్జీలు రాసిపెట్టడం ఇప్పుడు నా పని.

చట్టం వైపు నుంచి చెబుతాను. మన తీరానికి వచ్చే ఈ ఆలివ్ రిడ్లీ తాబేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది, అంటే పులితో సమానం. దాన్ని వేటాడితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. మొగ దగ్గర వేట నిషేధం 1982 నాటి ఒడిశా సముద్ర మత్స్య క్రమబద్ధీకరణ చట్టం కింద వస్తుంది. నవంబరు నుంచి మే వరకూ కోస్టు గార్డు ఆపరేషన్ ఒలీవియా పేరుతో ఓడలు, విమానాలతో కాపలా కాస్తుంది. ఇదంతా పట్టుకునే చట్టం, శిక్షించే చట్టం. కాపాడినవాడికి వల డబ్బు ఎవరిస్తారు అన్న ప్రశ్నకు ఇందులో జవాబు లేదు. నీకు ఆఫీసులో కాగితం లేదన్నది అందుకే.

కానీ మహారాష్ట్రలో ఉంది. 2018 డిసెంబరు నుంచి అక్కడ, రక్షిత జీవి వలలో పడితే వల కోసి వదిలిన జాలరికి ఇరవై అయిదు వేల రూపాయల వరకూ పరిహారం ఇస్తున్నారు. అటవీశాఖ మడ అడవుల విభాగం, మత్స్యశాఖ కలిసి నడుపుతున్నాయి. వదులుతున్నప్పటి ఫొటోలు, చిరిగిన వల ఫొటో, బోటు కాగితాలు చూపిస్తే చాలు. అక్కడి జాలర్లు తిమింగిలపు సొరలను కూడా అలా వదిలారు. ఒక రాష్ట్రంలో జరిగింది ఇంకో రాష్ట్రంలో ఎందుకు జరగకూడదు? అర్జీలో ఇదే రాయాలి. "దయచేసి ఇప్పించండి" అని కాదు, "మహారాష్ట్రలో ఇలా ఇస్తున్నారు, ఇక్కడా ఇలాంటి పథకం పెట్టండి" అని.

ఇంకో మాట, దీన్ని అర్జీలో తప్పకుండా పెడతాను. 2021 మార్చిలో మన ఒడిశాలోని గహీర్‌మఠలో జువలాజికల్ సర్వే వాళ్లు ఒక తాబేలు రెక్కకు 03233 నంబరు బిళ్ల వేశారు. అదే తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్రలో, రత్నగిరి జిల్లా గుహాగర్ తీరంలో గుడ్లు పెడుతూ కనబడింది. మన తూర్పు తీరంలో దిగిన తాబేలు దేశం చుట్టూ తిరిగి పడమటి తీరంలో గుడ్లు పెట్టింది. గుహాగర్‌లో ఒక జాలరి దాని కోసం వల కోస్తే డబ్బు వస్తుంది, అదే తాబేలు కోసం మీ నాన్న కోస్తే రాదు. ఈ ఒక్క ముక్క ఏ ఆఫీసరుకైనా అర్థమవుతుంది.

మీ నాన్నగారి బోటు రిజిస్ట్రేషను, ఆ రోజు తేదీ, ఉజ్జాయింపుగా చోటు, బాగుచేయించిన బిల్లు పంపు. తెలుగులో రాసి ఒడియాలోకి నేనే తిరగరాస్తాను. మీ ఊళ్లో ఇంకా ఎవరెవరు వల కోశారో వాళ్ల సంతకాలు కూడా పెట్టించు. ఒక్క సంతకం చూసి పక్కన పెడతారు, నలభై సంతకాలుంటే పక్కన పెట్టలేరు.

పాత సరంగు:

కాపలా బాబూ, మీరన్నది నిజమే. నేను చిన్న వలల మాట తేలిగ్గా తీసేశాను. మాస్టారూ, అర్జీలో టెడ్ సంగతి కూడా రాయండి. కుట్టేసిన కంత ఎలా ఉంటుందో, రేవులో ఎక్కడ చూడాలో నేను చెబుతాను. సంతకం పెట్టమన్నా పెడతాను.

గంజాం అమ్మాయి:

అయిదు వారాల తర్వాత రాస్తున్నాను, పరీక్షలు ఉన్నాయి. మీ జవాబులన్నీ ఆ రాత్రే నాన్నకు చదివి వినిపించాను. కాపలా అన్న రాసిన మొదటి ముక్క చదివేటప్పుడు నాన్న లేచి బయటికి వెళ్లిపోయారు. కాసేపటికి వచ్చి, "మళ్లీ మొదటి నుంచి చదువు" అన్నారు. తమ్ముడికి కూడా మీరు చెప్పమన్న మాట చెప్పాను.

మొన్న గురువారం మళ్లీ ఒకటి పడింది. ఒక్కటే, మెడ వాల్చేసి. నాన్న వల కోసి తీశారు. పొట్ట కిందికి పెట్టి, వెనక భాగం కింద బెండ్ల మూట పెట్టారు. తమ్ముడి తువ్వాలు తడిపి కప్పారు. వేట ఆపేసి, తెరచాప గుడ్డ నీడ పట్టుకుని కూర్చున్నారట ముగ్గురూ. ఏడింటికి పెట్టారు. పదకొండు దాకా ఏమీ లేదు. పోయిందిలే, ఇంటికి పోదాం అన్నాడు చిన్నాన్న. ఇరవై నాలుగు గంటలని రాశారు కదా అన్నారట నాన్న. పదకొండూ నలభైకి నోరు తెరిచి ఒక్క ఊపిరి తీసింది. తమ్ముడు సెల్లులో టైము చూసి అగ్గిపెట్టె మీద రాసుకున్నాడు. రెండో ఊపిరికి తొమ్మిది నిమిషాలు. తర్వాత ఆరు. తర్వాత నాలుగు. మూడు గంటలకు రెక్కతో చిన్నాన్న మోకాలి మీద కొట్టింది, ఇప్పటికీ కమిలి ఉంది. దించగానే ఒకసారి కిందికి పోయి, కొంత దూరంలో పైకొచ్చి ఊపిరి తీసుకుని వెళ్లిందట. రెక్కకు బిళ్ల ఉందేమో చూడమన్నాను, లేదు.

మాస్టారూ, అర్జీ ఇచ్చాం. ముప్పై ఏడు సంతకాలు వచ్చాయి, సరంగు తాతది కలిపి. అందినట్టు ముద్ర వేసి ఇచ్చారు, జవాబు ఇంకా రాలేదు. ఈసారి కోసిన వలకు బిల్లు, ఫొటోలు కూడా తీసి ఉంచాను.

కాపలా అన్నా, పిల్లలు బయటికొచ్చే రోజుల్లో బకెట్లు మోయడానికి నేనూ తమ్ముడూ వస్తాం. ఎన్ని గంటలకు రావాలి?

ఇసుక కాపలా:

గుడ్లు పొదిగే రోజుల లెక్క ప్రకారం ఇంకో నాలుగు వారాలు ఉంది, నేనే ఫోన్ చేయిస్తాను. రాత్రి పదకొండుకి రండి. టార్చి తేవద్దు, సెల్లు బయటికి తీయొద్దు. చెప్పులు కంచె బయట విడిచి రావాలి, ఇసుక మీద చూసి నడవాలి. తమ్ముణ్ని ఆ అగ్గిపెట్టె తెమ్మను, నాకు చూడాలని ఉంది.